గేటు దాటిన పాత కంప్యూటరు ఎక్కడికి వెళ్ళింది?



ఈ పేజీలో మామూలుగా షుగరు గురించి, బి.పి. గురించి, పిల్లల టీకాల గురించి చెప్పుకుంటూ ఉంటాము. ఈసారి స్టోరు గదిలోని రిజిస్టరు గురించి వ్రాస్తున్నాము. ఆరోగ్యానికీ దీనికీ ఏమి సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం ఉన్నదని మాకు తెలియజెప్పింది మా దగ్గర వైద్యం చేయించుకుంటున్న ఒక కుటుంబమే.

కొద్ది నెలల క్రితం ఓ.పి. బ్లాకులో పాత కంప్యూటర్లు తీసివేసి కొత్తవి పెట్టాము. నాలుగు పాత సి.పి.యు.లను ట్రాలీ మీద పెట్టుకుని వరండాలో తోసుకుపోతున్నారు. బెంచీ మీద కూర్చున్న ఒకాయన లేచి, "సిస్టర్, మా అమ్మ కాగితాలన్నీ వీటిలోనే కదండీ ఎక్కించారు? ఇవి ఎక్కడికి పోతున్నాయి?" అని అడిగారు. "స్క్రాపుకు బాబూ, పాడైపోయాయి" అన్నారు సిస్టర్. "స్క్రాపంటే ఎవరికండీ?" అన్నారాయన. ఆ తల్లి జబ్బు సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియకుండా ఆ కుటుంబం చాలా కాలంగా కాపాడుకుంటూ వస్తోంది. ఇంట్లో పెళ్ళి కావలసిన ఆడపిల్ల ఉంది. ఆయన ఊరికే అడిగిన మాట కాదు అది.

సిస్టర్ వెళ్ళి స్టోరులో అడిగారు. స్టోరువారు రిజిస్టరు తెరిచారు. అంతకు ముందు సంవత్సరపు పేజీలో "పాత కంప్యూటరు సామాను – ఒక లోడు" అని వ్రాసి ఉంది. తారీకు ఉంది, వచ్చిన డబ్బు ఉంది, సంతకం ఉంది. ఎన్ని వెళ్ళాయి, ఏవేవి వెళ్ళాయి, ఎవరు తీసుకువెళ్ళారు అన్నది లేదు. డబ్బు లెక్క పైసాతో సహా సరిపోయింది. సామాను లెక్క మాత్రం లేదు. ఆ నాలుగింటినీ ఆ రోజు గేటు దాటనివ్వలేదు.

మీలో చాలామంది కంపెనీల్లో, బ్యాంకుల్లో, బడుల్లో పనిచేస్తున్నారు. కొందరు సొంతంగా చిన్న ఆఫీసులు, ల్యాబులు, కంప్యూటరు సెంటర్లు నడుపుతున్నారు. మేము నేర్చుకున్నది మీకూ పనికివస్తుందని ఈ పాఠం.

సర్రేలో ఏమి జరిగింది?

ఇంగ్లండు దక్షిణ భాగాన సర్రే అనే కౌంటీ ఉంది. అక్కడి ప్రభుత్వ వైద్య సేవలను చూసే సంస్థ పేరు ఎన్.హెచ్.ఎస్. సర్రే. పాత కంప్యూటర్లను నాశనం చేయడానికి ఆ సంస్థకు మొదట ఆమోదం పొందిన కంపెనీ ఒకటి ఉండేది. 2010 మార్చిలో దానిని మానివేసి పనిని మరొక కంపెనీకి అప్పగించారు. కొత్తవారు ఉచితంగా చేస్తామన్నారు. లోపలి సమాచారాన్ని తుడిచివేస్తాము, పనికివచ్చే భాగాలు అమ్ముకుంటాము, అదే మాకు చాలు అన్నారు. వినడానికి ఎంత బాగుందో చూడండి. మన దగ్గరైతే స్క్రాపు వ్యాపారి ఎదురు డబ్బు కూడా ఇస్తాడు. కాబట్టి మనకు ఆశ ఇంకొంచెం ఎక్కువే.

2012 మేలో ఒక సామాన్య పౌరుడి దగ్గర నుండి కబురు వచ్చింది. ఇంటర్నెట్ వేలంలో కొన్న పాత కంప్యూటరులో రోగుల వివరాలు కనిపిస్తున్నాయని. చూడగా అందులో సుమారు 3,000 మంది వివరాలు ఉన్నాయి. వారిలో దాదాపు 2,000 మంది పిల్లలు. సంస్థవారు ఉరుకులు పరుగుల మీద, ఆ కంపెనీవారు అమ్మిన కంప్యూటర్లలో 39 తిరిగి సంపాదించగలిగారు. వాటిలో 10 తమవేనని తేలింది. ఆ పదింటిలో మూడింటిలో ఇంకా రోగుల సమాచారం అలాగే ఉంది.

మిగిలినవి ఎన్ని? ఎక్కడున్నాయి? ఇక్కడే అసలు సంగతి బయటపడింది. 2010 మార్చి నుండి 2011 ఫిబ్రవరి 10 వరకు ఇచ్చిన సామాను కాగితాలు కనబడలేదు. ఆ తరువాత నుండి 2012 మే 28 వరకు 1,570 కంప్యూటర్లు వెళ్ళాయని మాత్రమే చెప్పగలిగారు. కంపెనీ బాధ్యతలేమిటో స్పష్టంగా వ్రాసుకున్న ఒప్పందం లేదు. నాశనం చేస్తున్నారా లేదా అని పోయి చూసినవారు లేరు. 2013 జూలైలో అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం 2 లక్షల పౌండ్ల జరిమానా విధించింది. అప్పటికి ఆ సంస్థే రద్దయిపోయింది. ఆ పిల్లల వివరాలు ఎవరి ఇంటి బల్ల మీద ఉన్నాయో చెప్పడానికి జరిమానా పనికిరాదు కదా.

ఇది ఒక్కచోట జరిగిన పొరపాటు కాదు. అదే దేశంలో బ్రైటన్‌లోని ఆసుపత్రుల ట్రస్టుకు 2012లో 3 లక్షల 25 వేల పౌండ్ల జరిమానా పడింది. నాశనం చేయడానికి గదిలో పెట్టిన సుమారు 1,000 హార్డ్ డిస్కులలో కనీసం 252 ఆసుపత్రి దాటి ఇంటర్నెట్ వేలంలో తేలాయి. గదికి రహస్య అంకెల తాళం ఉంది. పనిచేయడానికి వచ్చిన మనిషి పక్కన మామూలుగా ఎవరో ఒకరు ఉన్నారు. అయినా ఎలా బయటకు పోయాయో ట్రస్టువారు చెప్పలేకపోయారు. తాళం ఒక్కటే చాలదన్నమాట. సాయంత్రం గది మూసేటప్పుడు లోపల ఎన్ని ఉన్నాయో ఉదయపు లెక్కతో సరిచూసుకోవాలి.

పెద్ద కంపెనీలు ఇంతకంటె జాగ్రత్తగా ఉంటాయని అనుకుంటాము. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ అనే పెద్ద ఆర్థిక సంస్థ తన పాత సర్వర్లను, డిస్కులను తీసివేసే పనిని సామాన్లు తరలించే ఒక కంపెనీకి ఇచ్చింది. సమాచారాన్ని నాశనం చేయడంలో ఆ కంపెనీకి ఏ అనుభవమూ లేదు. అది వేల పరికరాలను ఇంకొకరికి అమ్మింది, అవి అక్కడి నుండి వేలానికి పోయాయి. మరొక సందర్భంలో అదే సంస్థ తన బ్రాంచీలలోని పాత సర్వర్లు మార్చినప్పుడు జాబితాను సామానుతో సరిచూడగా 42 సర్వర్లు కనబడలేదు. 2022 సెప్టెంబరులో అక్కడి ప్రభుత్వ సంస్థ 3 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఈ కథలో మాకు పనికివచ్చిన మాట ఒక్కటే. 42 పోయాయని తెలిసింది జాబితా ఉండబట్టే. మా రిజిస్టరులో "ఒక లోడు" అని ఉంది. అందులోంచి ఎన్ని పోయినా మాకు తెలిసే మార్గం లేదు.

డాక్టర్లు ఎందుకు పట్టించుకోవాలి?

సమాచారం సంగతి అలా ఉంచి, సామాను సంగతి చూద్దాము. పాతకాలపు లావు మానిటర్ల గాజులో సీసం ఉంటుంది. సర్క్యూటు బోర్డుల మీద టంకములోనూ సీసం వాడేవారు. ట్యూబులైట్లలో, కొన్నేళ్ళ క్రితం వచ్చిన పల్చని తెరల వెనుక ఉండే దీపాలలో పాదరసం ఉంటుంది. ఇవి బల్ల మీద ఉన్నంతకాలం మనకు హాని చేయవు. పగలగొట్టినప్పుడు, కాల్చినప్పుడు, ఆసిడ్‌లో నానబెట్టినప్పుడు బయటకు వస్తాయి. రాగి కోసం వైర్లు కాల్చితే పైన ఉన్న ప్లాస్టిక్కు తొడుగు నుండి డయాక్సిన్లు అనే విషపదార్థాలు పొగలో కలుస్తాయి. ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తర ప్రదేశ్‌లోని మొరాదాబాద్ ఈ పనికి పేరుపడ్డ చోట్లు. మొరాదాబాద్‌లో రామగంగ ఒడ్డున బోర్డులు కాల్చిన బూడిదను జల్లించి లోహం తీసేవారు. అలాంటి పని ఇంటి గడపలోనే చేసుకునే కుటుంబాలు ఉన్నాయి. తల్లి పనిచేస్తుంటే బిడ్డ పక్కనే ఆడుకుంటుంది.

సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. నోటి ద్వారా లోపలికి పోయిన సీసాన్ని పెద్దవారి శరీరం కంటె చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. ఇంతవరకు ఉంటే హాని లేదు అని చెప్పదగిన మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. చదువులో వెనుకబడిన పిల్లవాడిని తీసుకువచ్చి "వీడికి ఏమయింది డాక్టరుగారూ" అని అడిగే తల్లికి, వాడి ఒంట్లో చేరిన సీసం ఏ ఆఫీసు మానిటరులోదో ఎవరూ చెప్పలేరు.

ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పుట్టాయి. పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు కాగితం మీద లెక్క ఉన్నది 22.3 శాతానికే. మిగిలినదంతా చెడ్డచోటికే పోయిందని దీని అర్థం కాదు. ఎక్కడికి పోయిందో చూపించే కాగితం లేదని అర్థం. మా "ఒక లోడు" కూడా అందులోనే ఉంది.

చట్టము ఏమి చెబుతున్నది?

మన దేశంలో ఎలక్ట్రానిక్ వ్యర్థాల కోసమే ప్రత్యేకంగా చేసిన నియమాలు మొదటిసారి 2012 మే 1 నుండి అమలయ్యాయి. 2016లో వచ్చిన నియమాలు ఎక్కువ సామాను వాడే సంస్థలను పెద్ద వినియోగదారులని పిలిచి, వారిలో ఆసుపత్రులను కూడా చేర్చాయి. వారు ఫారం 2లో లెక్క వ్రాయాలి, ప్రతి ఏటా జూన్ 30 లోపల ఫారం 3లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రిటర్ను పంపాలి అన్నాయి. ఇవి ఇప్పుడు అమలులో లేవు. పాత ఫారాలు ఇంకా కొన్ని ఆఫీసు ఫైళ్ళలో కనిపిస్తుంటాయి కాబట్టి చెబుతున్నాము.

2022 నవంబరులో కొత్త నియమాలు వెలువడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం పెద్ద వినియోగదారు అంటే ఆ ఆర్థిక సంవత్సరంలో ఏదో ఒక సమయంలో పట్టికలోని పరికరాలు కనీసం 1,000 వాడుకలో ఉన్న సంస్థ. వెయ్యి అనగానే మాకు సంబంధం లేదని అనుకోకండి. ఆ పట్టికలో కంప్యూటర్లే కాదు, ప్రింటర్లు, ఫోన్లు, ఏ.సి.లు, ఫ్రిజ్‌లు, ట్యూబులైట్లు కూడా ఉన్నాయి. ఒక్కసారి మీ ఆఫీసు పైకప్పు చూసి లెక్కపెట్టండి. అటువంటి సంస్థ తన వ్యర్థాలను నమోదైన ఉత్పత్తిదారుకు గాని, బాగుచేసి తిరిగి అమ్మే సంస్థకు గాని, రీసైక్లింగ్ సంస్థకు గాని మాత్రమే ఇవ్వాలి. నమోదు చేసేది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి. నమోదైనవారి జాబితాను మండలి పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు.

చట్టం చెప్పేది "వారికి మాత్రమే ఇవ్వండి" అని. ఇచ్చామని రుజువు చేసుకోవలసింది మనము. రుజువంటే రిజిస్టరే. వెయ్యికి తక్కువ ఉన్న చిన్న ఆఫీసుకు కూడా ఒక నోటుబుక్కు, ఒక పెన్ను చాలు. దీనికి ఏ నియమమూ అడ్డురాదు.

మరొక చట్టం కూడా గుర్తుంచుకోవాలి. వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. దశలవారీగా అమలుచేయడానికి నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. సమాచారాన్ని కాపాడడానికి తగిన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చునని అందులో ఉంది.

రిజిస్టరు ఎలా వ్రాయాలి?

మేము ముందు కుట్టిన పుస్తకం ఒకటి తీసుకుని పేజీలకు నెంబర్లు వేశాము. విడి కాగితాలు వద్దు. కంప్యూటరులో ఎక్సెల్ షీటు కూడా ఉంచుకోవచ్చు, వెదకడానికి సుళువు. అయితే ఆ షీటు ఉన్న కంప్యూటరు కూడా ఒకనాడు స్క్రాపుకు పోయేదే. పుస్తకం ఉండవలసిందే.

ఒక పరికరానికి ఒక వరుస. ఇదే మొత్తం పాఠంలో ముఖ్యమైనది, చేయడానికి విసుగు పుట్టించేది కూడా ఇదే. "మానిటర్లు 14" అని ఒక వరుసలో వ్రాయకూడదు. పద్నాలుగు మానిటర్లకు పద్నాలుగు వరుసలు. ఎందుకంటే పదమూడు మాత్రమే చేరాయని రేపు తెలిస్తే, పోయినది ఏది అన్న ప్రశ్నకు "14" అనే అంకె జవాబు చెప్పలేదు.

వరుసలో మొదట మన ఆస్తి నెంబరు, అంటే కొన్నప్పుడు స్టాకు రిజిస్టరులో వేసి పరికరం మీద అంటించిన నెంబరు. తరువాత కంపెనీ వేసిన సీరియల్ నెంబరు. ఇది వెనుక పక్క చిన్న చీటీ మీద ఉంటుంది. చీటీ చిరిగిపోతే చిరిగిపోయిందని వ్రాయాలి, ఊహించి వ్రాయకూడదు. ఆ తరువాత ఏ విభాగంలో వాడారు, ఎవరు వాడారు, ఎందుకు తీసివేస్తున్నారు. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. "పాడైంది" అంటే చాలదు. పవర్ సప్లై పోయిందా, పాతబడిందా వ్రాస్తే, బాగుచేసుకుని ఏ బడికో ఇవ్వదగినది స్క్రాపులోకి పోకుండా ఉంటుంది.

హార్డ్ డిస్కుకు వేరే గడి ఉండాలి. పెట్టె నెంబరు వేరు, లోపలి డిస్కు నెంబరు వేరు. పెట్టె మాత్రమే వ్రాస్తే, డిస్కు ఎవరైనా తీసుకుని ఖాళీ పెట్టె పంపినా లెక్క సరిపోయినట్టే కనబడుతుంది. మా దగ్గరే ఇలాంటిది కనిపించింది. ఒక కంప్యూటరు చెడిపోతే దాని డిస్కు తీసి ఇంకొకదానికి పెట్టారు, మంచి ఉద్దేశంతోనే. ఎక్కడా వ్రాయలేదు. విడిభాగాలు మార్చడం తప్పు కాదు, కాని మార్చిన రోజే రెండు వరుసల్లోనూ వ్రాయాలి.

డిస్కును ఏమి చేశారో ఆ గడిలోనే వ్రాయాలి. ఫైళ్ళు డిలీట్ చేయడం, ఫార్మాట్ చేయడం తుడిచివేయడం కాదు. పుస్తకంలో విషయసూచిక చింపినట్టు, అంతే. లోపలి పేజీలు అలాగే ఉంటాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ప్రోగ్రాములతో తిరిగి చదవవచ్చు. డిస్కు మొత్తం మీద కొత్త సమాచారం నింపే సాఫ్ట్‌వేరు వాడాలి, లేదా డిస్కు తీసి పళ్ళేలను పాడుచేయాలి. కొత్త రకం ఎస్.ఎస్.డి.లకు మామూలుగా నింపే పద్ధతి పూర్తిగా పనిచేయదు, వాటిలోనే ఉండే తుడిచే ఆదేశాన్ని వాడాలి, లేదా చిప్పులు ముక్కలయ్యేలా నలగగొట్టాలి. ఏ పద్ధతి, ఏ తారీకు, ఎవరు చేశారు, ఎవరు పక్కనుండి చూశారు అన్నవి వ్రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఒక చిన్న హెచ్చరిక. ల్యాప్‌టాప్ డిస్కుల లోపలి పళ్ళేలు చాలావరకు గాజువి, డ్రిల్లు పెట్టగానే పగిలి చిందుతాయి. కళ్ళద్దాలు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. కంటి విభాగంవారికి అదనపు పని కల్పించవద్దు.

పంపే రోజు గేటు దగ్గర జాబితా చదువుతూ ఒక్కొక్కటే బండిలోకి ఎక్కించాలి. బండి నెంబరు, కాటా చీటీ, గేటు పాసు, తీసుకున్నవారి పేరు, వారి మండలి నమోదు నెంబరు, అది ఏ తారీకు వరకు చెల్లుతుంది అన్నవి ఆ పేజీకే పిన్ను చేయాలి. నమోదు పత్రం జిరాక్సు చూపించారని నమ్మకుండా పోర్టల్‌లో సరిచూడాలి. బరువు ఒక్కటే వ్రాసుకుంటే సరిపోదు. ఇరవై కిలోల ఇనుము ఎక్కించి ఇరవై కిలోల డిస్కులు దించవచ్చు.

ఇంతవరకు చాలా ఆఫీసులు చేస్తాయి. చివరి గడిని మాత్రం ఖాళీగా వదిలేస్తాయి. అది రీసైక్లింగ్ సంస్థ నుండి తిరిగి రావలసిన రశీదు, ధృవపత్రం. "450 కిలోలు ముట్టినవి" అని ఉన్న కాగితం సగం రశీదే. మనము పంపిన సీరియల్ నెంబర్ల జాబితాను వారు కూడా సంతకంతో తిప్పి పంపాలి, నాశనం చేసిన తారీకు ఉండాలి. ఈ షరతు ముందే ఒప్పందంలో వ్రాసుకోవాలి. సామాను పోయాక అడిగితే ఎవరూ ఇవ్వరు. అది వచ్చేవరకు ఆ వరుస ముగిసినట్టు కాదు. మేము నెలకొకసారి తెరిచి ఉన్న వరుసలన్నీ చదివి ఫోను చేస్తున్నాము.

సామానుకు ధర కట్టేవారు, రిజిస్టరు వ్రాసేవారు, గేటు దాటించేవారు ఒకే మనిషి కాకూడదు. ఇది ఎవరినీ అనుమానించడం కాదు. రేపు ఏదైనా తేడా వస్తే ఆ ఒక్క మనిషి మీదే మచ్చ పడకుండా కాపాడడం. తప్పు వ్రాస్తే ఒక గీత గీసి పైన సరియైనది వ్రాసి చిన్న సంతకం చేయాలి. వైట్‌నర్ పూసిన పేజీని ఏ ఆడిటరూ నమ్మడు.

గదిలో ఎన్నాళ్ళు ఉంచవచ్చు? 2016 నియమాలలో పెద్ద వినియోగదారులకు 180 రోజుల హద్దు ఉండేది. ఆ అలవాటునే మేము నిలుపుకుంటున్నాము. ఆరు నెలలు దాటితే వాన నీరు, ఎలుకలు, "ఎలాగూ పడి ఉంది కదా" అని తీసుకుపోయే చేతులు, మూడూ ఎక్కువవుతాయి.

కంప్యూటరులా కనబడని కంప్యూటర్లు

ఆసుపత్రిలో జ్ఞాపకశక్తి ఉన్న యంత్రాలు చాలా ఉన్నాయి. ఇ.సి.జి. యంత్రం, స్కానింగ్ యంత్రం, ఎక్స్‌రే గది వర్క్‌స్టేషన్, ల్యాబు ఎనలైజరు, ఇవన్నీ పేరు, వయసు, రిపోర్టు దాచుకోగలవు. అన్నిటికంటె మోసకరమైనది జిరాక్సు యంత్రం. పెద్ద జిరాక్సు యంత్రాల లోపల హార్డ్ డిస్కు ఉంటుంది, తీసిన కాపీల బొమ్మలు అందులో నిలిచిపోవచ్చు. అమెరికాలో అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థ అద్దెకు తీసుకున్న జిరాక్సు యంత్రాలను డిస్కులు తుడవకుండానే తిరిగి ఇచ్చివేసింది. వాటిలో ఒకదానిని 2010లో సి.బి.ఎస్. టీవీ వార్తలవారు కొని చూస్తే లోపల జనం వైద్య వివరాలు కనిపించాయి. 3,44,579 మంది వరకు వివరాలు బయటపడి ఉండవచ్చునని సంస్థే లెక్క చెప్పింది. 2013లో 12 లక్షల డాలర్లకు పైగా కట్టింది. అద్దె యంత్రం మనది కాదు కాబట్టి స్టాకు రిజిస్టరులో ఉండదు. అందుకే తప్పిపోతుంది. మేము ఇప్పుడు అద్దె సామానుకు కూడా ఒక పేజీ తెరిచాము.

కొన్ని యంత్రాలకు వేరే చట్టాలు ఉన్నాయి. అల్ట్రాసౌండు స్కానింగ్ యంత్రం లింగనిర్ధారణ నిరోధక చట్టం క్రింద నమోదై ఉంటుంది. నమోదులేని వారికి దానిని అమ్మరాదు, తీసివేసినప్పుడు సంబంధిత అధికారికి తెలియజేయాలి. ఎక్స్‌రే యంత్రాన్ని తీసివేయడానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి. రేడియోధార్మిక పదార్థం ఉన్నదైతే అది ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలలోకే రాదు. 2010 ఫిబ్రవరిలో ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగం, 1985 నుండి వాడకుండా పడి ఉన్న గామా యంత్రాన్ని పాత సామానుతోపాటు వేలం వేసింది. మాయాపురి స్క్రాపు మార్కెట్లో దానిని విప్పారు. లోపల కోబాల్టు-60 ఉంది. స్క్రాపు పనివారు చాలామంది జబ్బుపడ్డారు, ఏప్రిల్‌లో ఒకరు చనిపోయారు. పాతికేళ్ళు మూలన ఉన్న పెట్టెలో ఏముందో వేలం కాగితం మీద ఎవరూ వ్రాయలేదు.

యు.పి.ఎస్. బ్యాటరీలకు 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు వర్తిస్తాయి. వాటికి వేరే పేజీ పెట్టండి. సీసం బ్యాటరీకి వీధిలో మంచి ధర పలుకుతుంది, కాబట్టి ముందు మాయమయ్యేది అదే. ఒకసారి వాడిన రోగి రక్తం, స్రావం అంటిన పరికరం అయితే ముందు శుభ్రపరచి, అది శుభ్రపరచినట్టు సంతకం పెట్టాకే స్టోరుకు రావాలి.

మీ ఇంటికి, మీ చిన్న ఆఫీసుకు

ఇంట్లో పాత ఫోను ఉంటే, మీ ఫోటోలు, బ్యాంకు మెసేజీలు కొత్త ఫోనులోకి మార్చుకుని, అకౌంట్ల నుండి బయటకు వచ్చి, సిమ్ము, మెమరీ కార్డు తీసి, ఫోను సెట్టింగుల్లో పూర్తిగా రీసెట్ చేసి ఇవ్వండి. డబ్బాల మీద ఉండే ఐ.ఎమ్.ఇ.ఐ. నెంబరును ఇచ్చిన తారీకుతోపాటు డైరీలో వ్రాసుకోండి. ప్లాస్టిక్కు సామాన్లకు, ఉల్లిపాయలకు పాత ఫోన్లు మార్చుకునే అలవాటు ఉన్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. దయచేసి ఆ పని మానండి.

బడి, కోచింగ్ సెంటరు, చిట్‌ఫండ్ ఆఫీసు నడిపేవారు ముందుగా ఒక మధ్యాహ్నం కూర్చుని ఉన్న సామాను జాబితా వ్రాయండి. ఏమి ఉన్నదో తెలియనివారికి ఏమి పోయిందో తెలియదు. చర్చికి గాని, హాస్టలుకు గాని కంప్యూటరు దానం ఇస్తే అది కూడా రిజిస్టరులో వ్రాయాలి, డిస్కు తుడిచే ఇవ్వాలి. దానంగా వెళ్ళిన పెట్టెలో జీతాల పట్టిక ఉండడం మేము విన్న సంగతే. మా దగ్గర కొత్త రిజిస్టరు నమూనా పేజీ ఉంది. కావలసినవారు స్టోరు విభాగంలో అడిగి జిరాక్సు తీసుకోవచ్చు.

ఆ నాలుగు పెట్టెలు

వరండాలో ఆగిన ఆ నాలుగు సి.పి.యు.లను కొత్త పుస్తకంలో మొదటి నాలుగు వరుసలుగా వ్రాశాము. మూడింటిలో డిస్కులు ఉన్నాయి, నాలుగోదాని డిస్కు అంతకు ముందే వేరే కంప్యూటరుకు మార్చారని రెండు రోజులు వెదికాక తెలిసింది. ఆయనకు ఫోను చేసి, మీకు ఇష్టమైతే వచ్చి చూడవచ్చు అన్నాము. వచ్చారు. మూడు డిస్కులకూ డ్రిల్లు వేయడం పక్కన నిలబడి చూశారు, సాక్షిగా సంతకం కూడా చేశారు.

తరువాత ఆయన అడగవలసిందే అడిగారు. "మా అమ్మ మొదట చేరినప్పటి కాగితాలు అంతకు ముందు కంప్యూటరులో కదండీ ఎక్కించింది. అది?" ఆ లోడులో వెళ్ళి ఉంటుంది, ఎవరి దగ్గరకు వెళ్ళిందో మాకు తెలియదు, చెప్పడానికి మా దగ్గర కాగితం లేదు అని ఉన్నది ఉన్నట్టు చెప్పాము. ఆయన కోప్పడలేదు. మూడు డిస్కుల నెంబర్లు ఉన్న పేజీకి నకలు ఒకటి ఇవ్వమని అడిగి, మడిచి, వాళ్ళ అమ్మగారి ఓ.పి. పుస్తకంలో పెట్టుకుని వెళ్ళారు.